లెపర్డ్ గెకోకూ దాని పిల్లలకూ కాల్షియం, విటమిన్లు ఇచ్చే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలు ముచ్చటపడి లెపర్డ్ గెకో అనే, పురుగులు తినే పెంపుడు బల్లిని తెచ్చుకోవడం ఇప్పుడు అరుదైన సంగతి కాదు. తెచ్చుకున్న నెలలోపే పెద్దల దగ్గర నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. మేత పురుగులకు అద్ది పెట్టమని దుకాణంలో మూడు రకాల తెల్లపొడులు అమ్మారు, వాటిలో ఏది ఎప్పుడు వాడాలి? విటమిన్ డి3 కలిసినది మంచిదా, కలవనిది మంచిదా? చర్మంలో డి3 తయారయ్యేలా చేసే యూవీబీ (అతినీలలోహిత కిరణాల) దీపం పెట్టాక కూడా పొడి అవసరమా? గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మొదటి రోజు నుంచే ఇవ్వాలా?

వీటికి విడివిడిగా జవాబు చెబితే సందేహాలు పెరుగుతాయే తప్ప తగ్గవు, ఎందుకంటే ఒక జవాబు మరొకదానిపై ఆధారపడి ఉంటుంది. కాల్షియం చాలకపోతే ఎముకలు మెత్తబడతాయి. డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు. అయితే డి3, విటమిన్ ఎ రెండూ కొవ్వులో కరిగేవి కాబట్టి మోతాదు మించితే శరీరంలో పేరుకుపోయి మూత్రపిండాలకూ రక్తనాళాలకూ చర్మానికీ హాని చేస్తాయి. అందువల్ల ఈ మార్గదర్శి మొత్తం ఒకే నియమం చుట్టూ తిరుగుతుంది: సాదా కాల్షియం విషయంలో ధారాళంగా ఉండండి, డి3, విటమిన్ ఎ ఎక్కడి నుంచి వస్తున్నాయో మాత్రం ప్రతి వారం లెక్క పెట్టండి.

ఇక్కడ చెప్పినదంతా పెంపకంలోనే పుట్టి పెరిగిన లెపర్డ్ గెకోల కోసం. తిరుమల కొండల్లో కనిపించే బంగారు బల్లి వంటి మన అడవి జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందుతున్నాయి. వాటిని పట్టడం, ఇంట్లో ఉంచడం నేరం.

1. పొడి డబ్బా తెరవకముందు సరిచూడవలసినవి

చాలామంది పొడితో మొదలుపెడతారు. అసలు మొదలు వేడిమి దగ్గర ఉంది. గెకో శరీరం తనంతట తాను వేడిని పుట్టించుకోలేదు. పొట్ట అడుగున తగిన వెచ్చదనం లేకపోతే తిన్న పురుగు అరగదు, అరగని పురుగుతో పాటు కాల్షియం కూడా వృథాగా బయటికి పోతుంది.

వెచ్చని వైపు దాక్కునే గూటిలో నేల ఉష్ణోగ్రత 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 88 నుంచి 91 ఫారెన్‌హీట్ ఉండాలి. చల్లని వైపు 24 నుంచి 26 డిగ్రీలు చాలు. ఈ కొలత గాజుగోడకు అంటించిన గడియారం లాంటి థర్మామీటర్‌తో తెలియదు. గెకో పడుకునే చోట నేలకు ఆనించిన డిజిటల్ ప్రోబ్‌తో గానీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గానీ కొలవాలి. హీట్ మ్యాట్‌కైనా దీపానికైనా థర్మోస్టాట్ (వేడి మించకుండా చూసే పరికరం) తప్పనిసరిగా ఉండాలి.

రెండవది వెలుగు. లెపర్డ్ గెకో సందెవేళల్లో తిరిగే జీవి కాబట్టి దానికి యూవీబీ అక్కరలేదని చాలాకాలం అనుకున్నారు. యూవీబీ లేకుండా, తిండిలో డి3 ఇచ్చి పెంచడం సాధ్యమే. కానీ కొద్దిపాటి యూవీబీ అందిన లెపర్డ్ గెకోల రక్తంలో విటమిన్ డి స్థాయి పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. పైగా చర్మంలో తయారయ్యే డి3ని శరీరం తానే అదుపు చేసుకుంటుంది, నోటి ద్వారా వెళ్లిన డి3 విషయంలో ఆ అదుపు లేదు. ఈ ఒక్క కారణం చేతనే, వీలున్నవారు తక్కువ తీవ్రత గల యూవీబీ ట్యూబ్ పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

దీపం పెట్టేవారు గుర్తుంచుకోవలసినవి ఇవి:

- నీడలో తిరిగే జాతుల కోసం తయారైన 5 నుంచి 7 శాతం యూవీబీ శ్రేణి ట్యూబ్ చాలు. ఎడారి బల్లుల కోసం చేసిన 10, 12 శాతం దీపాలు చిన్న టెర్రేరియంలో (గెకోను ఉంచే గాజుపెట్టెలో) దీనికి ఎక్కువవుతాయి.
- గెకో వెచ్చగా కూర్చునే చోట యూవీ తీవ్రత సూచీ (యూవీ ఇండెక్స్) 0.5 నుంచి 1.0 మధ్య ఉంటే సరిపోతుంది. కొలిచే పరికరం లేనివారు దీపం తయారీదారు ఇచ్చిన దూరాల పట్టికను తు.చ. తప్పకుండా పాటించాలి.
- పైన ఉన్న ఇనుప జాలి యూవీబీలో మూడో వంతు వరకు, జాలి దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువగా ఆపేస్తుంది.
- మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కిటికీ పక్కన పెట్టడం వల్ల డి3 రాదు, టెర్రేరియం మాత్రం ప్రమాదకరంగా వేడెక్కుతుంది.
- కంటికి వెలుగు కనిపిస్తున్నా యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది. తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా 6 నుంచి 12 నెలలకు, ట్యూబ్ మార్చాలి.
- అల్బినో (చర్మంలో నల్లరంగు లేని) రకాలకు వెలుతురు బాధ కలిగిస్తుంది. వాటికి పై తీవ్రతలో సగం మించకుండా, దాక్కునే గూళ్లు మరిన్ని పెట్టి ఉంచాలి.

మూడవది తూకం. గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ తూకం కొనండి. పొడి పనిచేస్తోందా లేదా అన్నది కంటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది, తూకం ముందే చెబుతుంది.

2. పొడులను ఎంచుకోవడం, లేబుల్ చదవడం

దుకాణంలో ఎన్ని పేర్లున్నా నాలుగు రకాలే ఉంటాయి: సాదా కాల్షియం, డి3 కలిసిన కాల్షియం, మల్టీవిటమిన్, ఇవన్నీ కలిపిన ఆల్-ఇన్-వన్ పొడి.

సాదా కాల్షియం అంటే కాల్షియం కార్బొనేట్. బరువులో దాదాపు 40 శాతం కాల్షియమే ఉంటుంది. భాస్వరం కలవలేదని లేబుల్ మీద స్పష్టంగా ఉండాలి. పొడి మెత్తగా, వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగలకుండా ఉండాలి. గరుకు పొడి పురుగును అంటిపెట్టుకోదు.

డి3 లేబుల్ చదవడంలోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఒక కంపెనీ పౌనుకు ఇన్ని యూనిట్లని రాస్తుంది, మరొకటి కిలోకు రాస్తుంది. పౌనుకు రాసిన సంఖ్యను 454తోనూ, కిలోకు రాసిన సంఖ్యను 1000తోనూ భాగిస్తే గ్రాముకు ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. ఉదాహరణకు పౌనుకు 10,000 యూనిట్లంటే గ్రాముకు సుమారు 22, కిలోకు 1,00,000 అంటే గ్రాముకు 100. రెండు డబ్బాల మీదా "డి3 కలిసినది" అనే ఉంటుంది, రెండింటికీ మధ్య నాలుగున్నర రెట్ల తేడా ఉంది. బజారులో ఇంతకంటే పెద్ద తేడాలు కూడా ఉన్నాయి. అందుకే ఒకరి షెడ్యూలును మరొకరు వేరే డబ్బాతో పాటించకూడదు.

మల్టీవిటమిన్‌లో విటమిన్ ఎ ఏ రూపంలో ఉందో చూడండి. కొన్నింటిలో బీటా కెరోటిన్ మాత్రమే ఉంటుంది, కొన్నింటిలో రెటినాల్ లేదా విటమిన్ ఎ ఎసిటేట్ (నేరుగా పనికొచ్చే విటమిన్ ఎ) ఉంటుంది. పురుగులు తినే జీవులన్నీ బీటా కెరోటిన్‌ను ఒకే సామర్థ్యంతో విటమిన్ ఎగా మార్చుకోలేవు. కంటి సమస్యలు వచ్చిన చరిత్ర ఉన్న గెకోకు రెటినాల్ రూపం మంచిదేమో వెటర్నరీ డాక్టరును అడిగి నిర్ణయించండి. ఆ మల్టీవిటమిన్‌లో డి3 ఉందో లేదో డబ్బా మూత మీదే పెద్ద అక్షరాలతో రాసుకోండి. వారపు లెక్కలో ఇది చాలా ముఖ్యం.

ఇంట్లో దొరికే వస్తువులతో సరిపెట్టవచ్చా అని అడుగుతుంటారు. తాంబూలంలో వాడే సున్నం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. అది కాల్షియం హైడ్రాక్సైడ్, నోటినీ పేగులనూ కాలుస్తుంది. మనుషుల కాల్షియం మాత్రల్లో మనిషి బరువుకు తగిన డి3తో పాటు ఇతర పదార్థాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి 60 గ్రాముల ప్రాణికి వాటిని నూరి పెట్టడం ప్రమాదం. గుడ్డుపెంకులూ, పక్షి పంజరాల్లో కట్టే సముద్రపు నురుగూ (కటిల్‌బోన్) కాల్షియం కార్బొనేట్ ఉన్నవే అయినా ఇంట్లో వాటిని కావలసినంత మెత్తగా నూరడం కష్టం. ఒక చిన్న డబ్బా శుద్ధమైన పొడి నెలల తరబడి వస్తుంది గనుక ఆ శ్రమ అనవసరం.

డబ్బా తెరిచిన తేదీని దానిపై రాయండి. తేమ, వేడి, వెలుతురు తగిలితే విటమిన్లు చెడిపోతాయి. టెర్రేరియం మూత మీద, దీపం పక్కన డబ్బా ఉంచవద్దు. సాదా కాల్షియం చాలాకాలం నిలుస్తుంది. విటమిన్ పొడిని మాత్రం తెరిచిన ఆరు నెలలకు మార్చడం మంచిది, కాబట్టి చిన్న డబ్బాలే కొనండి.

3. ముందు పురుగుకు మేత పెట్టడం

కీచురాయి శరీరంలో ఒక పాలు కాల్షియంకు ఎనిమిది, తొమ్మిది పాళ్ల వరకు భాస్వరం ఉంటుంది. మీల్‌వార్మ్‌ల (మేతగా అమ్మే పిండిపురుగుల) పరిస్థితి కూడా ఇంతే. గెకోకు కావలసిన నిష్పత్తి ఇందుకు తలకిందులు: ఒక పాలు భాస్వరానికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ల కాల్షియం. రక్తంలో భాస్వరం పెరిగి కాల్షియం తగ్గినప్పుడు శరీరం ఎముకల్లో నుంచి కాల్షియం లాగి సర్దుకుంటుంది. దవడ, కాళ్లు మెత్తబడటానికి మూలం ఇదే.

పైన అద్దిన పొడి రాలిపోవచ్చు. పురుగు కడుపులో ఉన్న మేత రాలదు. కనుక గెకోకు పెట్టడానికి 24 నుంచి 48 గంటల ముందు పురుగులకు మంచి మేత పెట్టాలి. ఇందుకోసం అమ్మే అధిక కాల్షియం గట్ లోడ్ (పురుగు కడుపు నింపే మేత) పొడిని ఈ చివరి రెండు రోజులే వాడాలి. రోజుల తరబడి అదే పెడితే కీచురాళ్లు చచ్చిపోతాయి. మిగతా రోజుల్లో మామూలు ధాన్యపు మేత పెట్టండి.

ఆకుకూరలు పెట్టేటప్పుడు ఎంపిక అవసరం. కొలార్డ్ ఆకు, ఆవ ఆకు, ఇండియన్ స్టోర్‌లో దొరికే మునగాకు కాల్షియం ఎక్కువగా ఉన్నవి. క్యారెట్, చిలగడదుంప ముక్కలు కెరోటిన్‌నూ నీటినీ ఇస్తాయి. పాలకూర, తోటకూర, గోంగూర వంటివి మనకు ఎంత ఇష్టమైనా ఇక్కడ వద్దు. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

పురుగుల్లో రకం మార్చడం కూడా ఒక విధమైన పోషణే. కీచురాళ్లు, డూబియా బొద్దింకలు ప్రధానాహారంగా, మీల్‌వార్మ్‌లు మధ్యమధ్య, బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు (ఒక రకం ఈగ పిల్లపురుగులు) వారానికోసారి పెట్టండి. ఈ లార్వాల శరీరంలోనే కాల్షియం బాగా ఉంటుంది కనుక వాటికి పొడి అద్దనవసరం లేదు. వాక్స్‌వార్మ్ కొవ్వు ముద్ద వంటిది, రుచి మరిగితే గెకో మిగతావి ముట్టదు. పెరట్లో పట్టిన పురుగులు పెట్టవద్దు, వాటి మీద క్రిమిసంహారకాలు ఉండవచ్చు. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా బల్లి జాతి ప్రాణికి ప్రాణాపాయం కలగవచ్చు.

4. పొడి అద్దే క్రమం

1. ఆ పూటకు కావలసిన పురుగులను లెక్కపెట్టి తీసుకోండి. పురుగు వెడల్పు గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు.
2. పొడిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనో జిప్ సంచిలోనో చిటికెడు పొడి వేయండి. ఐదారు కీచురాళ్లకు ఒక చిన్న చిటికెడు చాలు.
3. పురుగులు వేసి నెమ్మదిగా రెండు మూడు సార్లు తిప్పండి. గట్టిగా ఊపితే పురుగుల కాళ్లు విరుగుతాయి, కదలని పురుగును గెకో పట్టించుకోదు.
4. అదనపు పొడిని దులపండి. చపాతీ ఒత్తే ముందు ముద్దకు అద్దే పొడిపిండి అంత పల్చని పొర ఉండాలి. పురుగు కళ్లూ మీసాలూ కనిపిస్తుంటే సరిగ్గా ఉన్నట్టు.
5. వెంటనే పెట్టండి. కీచురాయి తన ఒంటిని తానే శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ఆలస్యమైన కొద్దీ పొడి పోతుంది. ఒక్కసారే అన్నీ వదలకుండా రెండేసి చొప్పున వేయండి.
6. పదిహేను నిమిషాల తర్వాత మిగిలిన పురుగులను తీసేయండి. రాత్రంతా ఉంచితే కీచురాళ్లు గెకో చర్మాన్ని కొరుకుతాయి, పిల్లలకు ఇది మరీ ప్రమాదం.
7. డబ్బాలో మిగిలిన పొడిని పారేయండి, మళ్లీ అసలు డబ్బాలో పోయవద్దు.
8. చేతులు సబ్బుతో కడుక్కోండి. సరీసృపాల మీద సాల్మొనెల్లా అనే, జబ్బు కలిగించే బాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో గెకో డబ్బాలనూ గిన్నెలనూ వంటింటి సింకులో కడగకూడదు.

5. వారపు షెడ్యూలు

కింద చెప్పినది ఆరోగ్యంగా ఉన్న గెకోకు, మధ్యస్థ బలం గల పొడులతో, మొదలుపెట్టదగిన జాగ్రత్త మోతాదు. మీ డబ్బాలో గ్రాముకు డి3 చాలా ఎక్కువగా ఉంటే డి3 రోజులను తగ్గించాలి, డాక్టరు వేరేగా చెబితే అదే పాటించాలి.

యూవీబీ దీపం సరిగా పనిచేస్తున్న ఇంట్లో:

- నాలుగు నెలల లోపు పిల్లలు రోజూ తింటాయి. ఆరు రోజులు సాదా కాల్షియం, ఏడో రోజు మల్టీవిటమిన్.
- నాలుగు నుంచి పది నెలల వయసులో రోజు విడిచి రోజు మేత. ప్రతి మేతకూ సాదా కాల్షియం, వారంలో ఒక మేతకు మాత్రం దాని బదులు మల్టీవిటమిన్.
- పెద్దవాటికి వారానికి రెండు మూడు మేతలు. ప్రతిసారీ సాదా కాల్షియం, రెండు వారాలకొకసారి దాని బదులు మల్టీవిటమిన్.
- ఈ ఇంట్లో డి3 కలిసిన కాల్షియం డబ్బా అవసరం లేదు. మల్టీవిటమిన్‌లో ఉన్న కొద్దిపాటి డి3 అభ్యంతరకరం కాదు.

యూవీబీ లేని ఇంట్లో:

- పిల్లలకు వారంలో రెండు రోజులు డి3 కలిసిన కాల్షియం, ఒక రోజు మల్టీవిటమిన్, మిగతా నాలుగు రోజులు సాదా కాల్షియం. మల్టీవిటమిన్‌లోనే డి3 ఉంటే అది ఆ రెండు డి3 రోజుల్లో ఒకటిగా లెక్క.
- నాలుగు నుంచి పది నెలల వాటికి వారంలో ఒక మేతకు డి3 కలిసిన కాల్షియం, ఒక మేతకు మల్టీవిటమిన్, మిగతా వాటికి సాదా కాల్షియం. మల్టీవిటమిన్‌లో డి3 ఉంటే డి3 కలిసిన కాల్షియం ఆ వారం మానేయండి.
- పెద్దవాటికి వారంలో ఒక మేతకు డి3 కలిసిన కాల్షియం, మిగతా వాటికి సాదా కాల్షియం. రెండు వారాలకొకసారి సాదా కాల్షియం స్థానంలో మల్టీవిటమిన్. అందులో డి3 ఉంటే పైన చెప్పిన నియమమే వర్తిస్తుంది.

ఆల్-ఇన్-వన్ పొడి వాడేవారు దాని లేబుల్‌నే అనుసరించాలి. దానితో పాటు డి3 గానీ విటమిన్ ఎ గానీ ఉన్న మరో పొడి వాడకూడదు. ఒకే మేతకు రెండు డి3 పొడులు ఎప్పుడూ కలపవద్దు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మేత పెడుతుంటే ఒక క్యాలెండర్ టెర్రేరియం పక్కన తగిలించి, సాదాకు "సా", డి3కి "డి", మల్టీవిటమిన్‌కు "మ" అని రాసుకుంటే ఒకే రోజు ఇద్దరూ వేసే ప్రమాదం తప్పుతుంది.

టెర్రేరియంలో సాదా కాల్షియం గిన్నె ఉంచడం గురించి పెంపకందారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఎదిగే పిల్లలకూ గుడ్లు పెట్టే ఆడవాటికీ చిన్న సీసా మూతలో కొద్దిగా ఉంచితే మంచిదే అని నేననుకుంటాను. కానీ అందులో డి3 ఉండకూడదు, గిన్నె ఉంది కదా అని అద్దడం మానకూడదు. గెకో రోజూ అదేపనిగా ఆ పొడిని నాకుతుంటే మేతలో లోటు ఉందేమోనని వేడిమి దగ్గర నుంచి అన్నీ మళ్లీ సరిచూడాలి.

6. గుడ్డు నుంచి వచ్చిన పిల్లలకు

గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల రెండు నుంచి నాలుగు గ్రాముల బరువుంటుంది. మొదటి కొద్ది రోజులు పచ్చసొన మిగులుతోనే బతుకుతుంది. రెండు మూడు రోజుల్లో తొలి కుబుసం విడిచి, దాన్ని తానే తినేస్తుంది. ఆ తర్వాతే ఆకలి పుడుతుంది. అంతకుముందు పురుగులు వదలడం వల్ల పిల్ల బెదిరిపోతుందే తప్ప తినదు. బలవంతాన నోరు తెరిచి పొడి పెట్టడం చాలా పెద్ద తప్పు. దాని దవడ ఎంత లేతగా ఉంటుందంటే వేలి ఒత్తిడికే దెబ్బతినవచ్చు.

చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పేపర్ టవల్ పరిచి, వెచ్చని గూడు ఒకటి, తడి నాచు పెట్టిన గూడు ఒకటి, సీసామూతలో నీరు ఉంచండి. ఇసుక అసలే వద్దు. అన్నదమ్ములను ఒకే డబ్బాలో ఉంచితే బలమైనది తిండంతా లాక్కుంటుంది, తోకలు కొరుక్కుంటాయి, ఎవరికి ఎంత కాల్షియం అందిందో మీకు తెలియదు. విడివిడిగా ఉంచండి.

మొదటి మేతగా పావు అంగుళం కీచురాళ్లు నాలుగైదు, సాదా కాల్షియం పల్చగా అద్ది పెట్టండి. శరీరం పొడవులో ప్రతి అంగుళానికి రెండు పురుగుల చొప్పున అనే లెక్క పిల్లలకు బాగా పనికొస్తుంది. కొన్ని పిల్లలు పొడి వాసనకు వెనుకాడతాయి. అప్పుడు మొదటి పురుగును పొడి లేకుండా, రెండోదాన్ని పొడితో ఇవ్వండి, వేటాడే ఉత్సాహం పుట్టాక అవి తేడా పట్టించుకోవు. మల్టీవిటమిన్‌ను తినడం మొదలైన రెండో వారంలో ప్రారంభించండి. ఈ వయసులో ఒక రోజు మరిచిపోయినందుకు మర్నాడు రెట్టింపు వేయవద్దు, మామూలు క్రమానికి వచ్చేయండి.

ప్రతి వారం ఒకే రోజు, మేతకు ముందు తూకం వేయండి. పిల్ల బరువు వారం వారం పెరగాలి. రెండు వారాలు వరుసగా పెరగకపోయినా, గుడ్డు నుంచి వచ్చిన పది రోజులకు కూడా తినడం మొదలుపెట్టకపోయినా డాక్టరుకు చూపించాలి.

పిల్లల రోజువారీ తనిఖీ:

- వెచ్చని గూటి నేల ఉష్ణోగ్రత సరిగా ఉందా?
- నిన్నటి పురుగులేమైనా మిగిలాయా?
- నడిచేటప్పుడు పొట్ట నేలకు రాయకుండా ఎత్తుతోందా?
- కాలివేళ్లకు కుబుసం చుట్టుకొని మిగిలిందా?
- రెండు కళ్లూ పూర్తిగా తెరుస్తోందా?

7. గుడ్లు పెట్టే ఆడ గెకోకు

పిల్ల ఎముకల బలం తల్లి తిన్న తిండిలోనే మొదలవుతుంది. లెపర్డ్ గెకో గుడ్డు పెంకు పక్షి గుడ్డులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. పిల్లకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం తల్లి పచ్చసొనలో పెట్టి పంపాలి. డి3, విటమిన్ ఎ కూడా ఆ దారినే వెళతాయి. తల్లికి లోటుంటే పిల్లలు బలహీనంగా పుడతాయి, తర్వాత ఎంత పొడి అద్దినా ఆ లోటు తొందరగా పూడదు.

ఒక్కో విడతకు రెండు గుడ్ల చొప్పున, కొద్ది వారాల తేడాతో ఆడది ఎన్నో విడతలు పెట్టవచ్చు. ఆ కాలమంతా మేతను రోజు విడిచి రోజుకు పెంచి, ప్రతి మేతకూ సాదా కాల్షియం అద్దండి, గిన్నె కూడా ఉంచండి. డి3 రోజులను మాత్రం మీ అంతట మీరు పెంచవద్దు. మేతల సంఖ్య పెరిగినా డి3 వారపు లెక్క అలాగే ఉంటుంది. తోక సన్నబడుతుంటే, బరువు ప్రతి విడతకూ తగ్గుతుంటే ఆ ఏడాదికి మగదాన్ని దూరంగా ఉంచండి. పొట్ట నిండుగా ఉండి, అదేపనిగా గుంట తవ్వుతూ, గుడ్డు పెట్టలేక నీరసించిపోతే అది అత్యవసర స్థితి.

8. క్రెస్టెడ్ గెకో ఉన్నవారికి

క్రెస్టెడ్ గెకో మరో పెంపుడు బల్లి జాతి, దీని పద్ధతి వేరు. దీని కోసం తయారైన పూర్తి ఆహార పొడిని నీటిలో కలిపి పెడతారు. అందులో కాల్షియం, విటమిన్లు ముందే ఉంటాయి కాబట్టి ఆ ముద్దలో అదనంగా ఏ పొడీ కలపకూడదు. వారానికోసారి పెట్టే పురుగులకు మాత్రం సాదా కాల్షియం అద్దండి. క్రెస్టెడ్ గెకో అంగిలి మీద రెండు తెల్లని కాల్షియం నిల్వ సంచులు ఉంటాయి, నోరు తెరిచినప్పుడు అవి తెల్లగా కనిపిస్తే నిల్వ ఉన్నట్టు. లెపర్డ్ గెకోకు అలాంటివి లేవు. దాని చంకల్లో కనిపించే బుడగలను కాల్షియం సంచులని చాలామంది పొరబడతారు. అవి ఎక్కువగా బాగా బరువు పెరిగిన గెకోల్లో కనిపిస్తాయి, వాటిని చూసి పొడి తగ్గించడం గానీ పెంచడం గానీ చేయవద్దు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

కాల్షియం ఇసుకను నేలగా పరచడం. తింటే అరుగుతుందని దుకాణంలో చెబుతారు. అది పేగుల్లో గట్టిపడి అడ్డుపడవచ్చు. వెంటనే తీసి పేపర్ టవల్ గానీ టైల్స్ గానీ వేయండి.

పొడి మందంగా అద్దడం. గెకో తల విదిలిస్తుంది, కళ్లలో పడుతుంది, క్రమంగా తిండినే నిరాకరిస్తుంది. ఒకటి రెండు మేతలు పొడి లేకుండా, బాగా మేత పెట్టిన పురుగులతో ఇచ్చి, తర్వాత సగం చిటికెడుతో మొదలుపెట్టండి.

దీపం పెట్టాక కూడా పాత డి3 షెడ్యూలే కొనసాగించడం. దీపం పెట్టిన రోజే క్యాలెండర్ మార్చండి. అలాగే ట్యూబ్ పాడైతే, కొత్తది వచ్చేదాకా యూవీబీ లేని షెడ్యూలుకు మారండి.

ఎముకలు బలహీనంగా ఉన్నాయని అనుమానం రాగానే ఇంట్లోనే ద్రవ కాల్షియం పోయడం. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మోతాదు మించవచ్చు. ఆ పని డాక్టరుది.

కంటి వాపు చూసి చేప కాలేయపు నూనె గుళికలు, మనుషుల విటమిన్ ఎ గుళికలు ఇవ్వడం. విటమిన్ ఎ ఎక్కువైతే చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. కంటి వాపుకు విటమిన్ లోటే కాకుండా ఇసుకరేణువు, కంటిలో మిగిలిన కుబుసం, దీపం తీవ్రత కూడా కారణం కావచ్చు. ముందు దీపం దూరం చూడండి, తర్వాత డాక్టరుకు చూపించండి.

10. ఆలస్యం చేయకూడని సూచనలు

కింది వాటిలో ఏది కనిపించినా షెడ్యూలు మార్చి చూద్దామని వేచి ఉండకండి:

- వేళ్లూ కాళ్లూ అదురుతుండటం, వణుకు, మూర్ఛలా బిగుసుకోవడం. ఇది అదే రోజు వైద్యం అందవలసిన స్థితి.
- దవడ రబ్బరులా వంగడం, కింది దవడ లోపలికి పోవడం, పురుగును పట్టుకోలేకపోవడం.
- కాళ్లు వంకర తిరగడం, వెన్ను లేదా తోక మెలిక పడటం, పాకుతూ నడవడం.
- కళ్లు మూసుకుపోవడం, రెప్పల కింద పెరుగులాంటి గడ్డలు.
- డి3 రోజులు ఎక్కువైన ఇంట్లో గెకో తిండి మానేయడం, చిక్కిపోవడం, మలబద్ధకం. డి3 ఎక్కువైందనడానికి ప్రత్యేకమైన బయటి లక్షణం ఉండదు కాబట్టి అనుమానం వస్తే డి3 ఉన్న పొడులన్నీ ఆపి రక్తపరీక్ష, ఎక్స్‌రే చేయించాలి.

కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే అందరికీ సరీసృపాల అనుభవం ఉండదు. అమెరికాలో ఉన్నవారు అసోసియేషన్ ఆఫ్ రెప్టిలియన్ అండ్ ఆంఫిబియన్ వెటర్నేరియన్స్ వారి జాబితాలో దగ్గరలోని డాక్టరును వెతకవచ్చు. జబ్బు వచ్చాక కాకుండా, గెకోను తెచ్చుకున్న వారంలోనే ఆ ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి.

డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లేటప్పుడు:

- వాడుతున్న పొడి డబ్బాలన్నీ, లేకపోతే లేబుళ్ల ఫోటోలు
- గత రెండు నెలల క్యాలెండర్ పేజీలు, తూకాల పట్టిక
- దీపం పేరు, కొన్న తేదీ, గెకో కూర్చునే చోటికి ఎంత దూరంలో ఉందో
- వెచ్చని, చల్లని వైపుల ఉష్ణోగ్రతలు
- వీలైతే తాజా మలం ఒక చిన్న సంచిలో. కడుపులో పరాన్నజీవులున్నా తిన్నది ఒంటపట్టదు.

ప్రయాణంలో గెకోను గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో పేపర్ టవల్ మీద ఉంచండి. ఎముకలు మెత్తబడ్డాయన్న అనుమానం ఉంటే చేత్తో పట్టి ఎత్తవద్దు. అది కూర్చున్న టవల్‌తో సహా డబ్బాలోకి జరపండి. శీతాకాలమైతే ముందే కారును వెచ్చబరిచి తర్వాత డబ్బాను బయటికి తీయండి.